చూపు తగ్గకముందే కంటిలోపల చూడాలి
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కంటి వైద్యులుగా మాకు తరచు ఎదురయ్యే ప్రశ్న ఒకటి వుంది. "షుగరు వున్నమాట నిజమే డాక్టరుగారూ! కాని కళ్ళు బాగానే కనిపిస్తున్నాయి. సూదిలో దారం కూడా ఎక్కిస్తున్నాను. మరి కంటి పరీక్ష ఎందుకు?" ఈనాటి మా ప్రసంగమంతా ఈ ప్రశ్నకు జవాబే.

మన రక్తనాళాలు చర్మం కింద, కండల మధ్య దాగి వుంటాయి. ఎక్కడా కోయకుండా వాటిని స్పష్టంగా చూడగల చోటు కంటి లోపలి పొర. దానినే రెటీనా అంటాం. కంటిపాప గుండా వెలుతురు పంపి ఈ పొరను చూచే పరికరాన్ని జర్మనీ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ 1851లో లోకానికి తెలియజేశాడు.

రెటీనాలోని అతి సన్నని నాళాలు తలవెంట్రుక మందంలో సుమారు పదోవంతు వుంటాయి. ఏళ్ళ తరబడి రక్తంలో చక్కెర హెచ్చుగా వుంటే వీటి గోడలు బలహీనపడతాయి. కొన్నిచోట్ల ఉబ్బుతాయి, కొన్నిచోట్ల నీరు కారుతుంది, కొన్ని మూసుకుపోతాయి. రక్తం అందని చోట కొత్త నాళాలు పుట్టుకొస్తాయి. అవి పెళుసు. పగిలి కంటిలో రక్తం నిండితే ఒక్కసారిగా చూపు మరుగుపడవచ్చు. రెటీనా నడిమి భాగం చెడనంతవరకు చాలామందికి ఏ ఇబ్బందీ తెలియదు. సూదిలో దారం ఎక్కించడానికి కావలసింది ఆ నడిమి భాగమే! కాబట్టి దారం ఎక్కినంత మాత్రాన కన్ను క్షేమంగా వుందనుకోరాదు.

ఇహ రెండవది భయం. "చేతికి సూది గుచ్చి రంగుమందు ఎక్కిస్తారట" అని కొందరు పరీక్షకే రారు. ఆ పద్ధతి వున్నమాట వాస్తవం. అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయంలో నొవోట్నీ, ఆల్విస్ అనే ఇద్దరు వైద్య విద్యార్థులు 1961లో దానిని ప్రచురించారు. ఫ్లోరెసిన్ అనే రంగుమందును చేతి నరంలోకి ఎక్కించి, అది కంటినాళాల్లో పారుతుండగా వరుసగా ఫోటోలు తీస్తారు. కొందరికి వికారం కలుగుతుంది. ఒంటికి, మూత్రానికి కొద్దికాలం పసుపు రంగు వస్తుంది. చాలా అరుదుగా తీవ్రమైన ఎలర్జీ రావచ్చు.

ఇప్పుడు సూది లేని పద్ధతి కూడా వచ్చింది. వెలుతురుతోనే రెటీనా పొరలను చూపే ఓ.సి.టి. విధానాన్ని 1991లో అమెరికాలో డేవిడ్ హువాంగ్, జేమ్స్ ఫుజిమోటో ప్రభృతులు ప్రకటించారు. ఆ పునాది మీదనే ఓ.సి.టి. యాంజియోగ్రఫీ వచ్చింది. అది పనిచేసే తీరు సులువుగా చెబుతాం. చార్మినారు దగ్గర ఒక మేడ మీద నుంచి బజారును వెంటవెంటనే రెండు ఫోటోలు తీశామనుకోండి. దుకాణాలు రెండింటిలోనూ వున్నచోటే వుంటాయి. నడిచే జనం మాత్రం చోటు మారతారు. మారిన చోట్ల చుక్కలు పెట్టుకుంటూ పోతే జనం నడిచే దారులు బయటపడతాయి. ఈ యంత్రమూ అంతే. ఒకేచోట మళ్ళీ మళ్ళీ వెలుతురు వేసి, కదిలే రక్తకణాల వల్ల వచ్చే తేడాను పట్టుకొని నాళాల పటం గీస్తుంది. గడ్డం ఆనించి, ఒక గుర్తు వైపు కొన్ని సెకన్లు కదలకుండా చూస్తే చాలు. కన్ను ముట్టుకోరు.

అయితే లేనిది చెప్పకూడదు. నాళం నుంచి నీరు కారడం ఈ పటంలో కనిపించదు. అందుకు రంగుమందు ఇప్పటికీ అవసరపడుతుంది. శుక్లం ముదిరినా, కన్ను కదిలినా పటం సరిగా రాదు. ఏటా ప్రతివారికీ ఈ యంత్రమే కావాలనీ లేదు. కంటిపాపను చుక్కలమందుతో పెద్దది చేసి వైద్యుడు చూడటమో, రెటీనాను మామూలు ఫోటో తీయడమో చాలు. దీనికీ సూది అక్కరలేదు. చుక్కలు వేశాక కొన్ని గంటలు మసకగా వుంటుంది గనుక తోడు మనిషిని తెచ్చుకోండి. కళ్ళజోడు దుకాణంలో అక్షరాలు చదివించడం మాత్రం ఈ పరీక్ష కాదు.

సకాలంలో చేసిన లేజరు చికిత్స తీవ్రమైన చూపునష్టాన్ని సగానికి పైగా తగ్గిస్తుందని 1976లోనే అమెరికా పరిశోధన తేల్చింది. నేడు కంటికి ఇచ్చే మందులూ వున్నాయి. వున్న చూపును నిలపడం సాధ్యమే, పోయిన చూపును తేవడమే కష్టం. షుగరు, రక్తపోటు అదుపులో లేకపోతే ఏ యంత్రమూ కాపాడలేదు.

భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగి 2023లో వెలువడిన సర్వే మనదేశంలో మధుమేహం వున్నవారిని 10.1 కోట్లుగా అంచనా వేసింది. మన ఇళ్ళు అందుకు మినహాయింపు కావు. పెద్దవయసులో వచ్చే షుగరైతే తెలిసిన వెంటనే, ఆ తరువాత ఏటా కన్ను చూపించాలి. చిన్నతనంలో వచ్చి ఇన్సులిన్ తప్పనిసరి అయ్యే రకమైతే అయిదేళ్ళలోపు మొదలుపెట్టాలి. షుగరు వున్న స్త్రీ గర్భవతి అయితే మొదటి మూడు నెలల్లోనే చూపించాలి. మన ఇళ్ళలో అబ్బాను ఆసుపత్రికి తీసుకువెళతాం గాని, అమ్మీ వంతు వచ్చేసరికి "తరువాత చూద్దాం" అంటాం. ఆమె కూడా అదే మాట అంటుంది. వినకండి.

సంఘం పెద్దలకు మా మనవి ఒకటే. ప్రతి మొహల్లాలో షుగరు వున్నవారి పేర్లు ఒక పుస్తకంలో రాయండి. పేరు ఎదుట కిందటిసారి రెటీనా పరీక్ష జరిగిన తేదీ వేయండి. తేదీ లేనివారిని ఈ నెలలోనే పంపండి. తోడు లేనివారికి మన యువకులు తోడు వెళ్ళాలి. సెలవు.