మడ అడవిలో తీసిన బొమ్మలు

ఆఫ్రికా అడవుల ఛాయాచిత్రాలు చూడని ఇల్లు నేడు అరుదు. టాంజానియాలోని సెరెంగెటి మైదానంలో ఏటా పది లక్షలకు పైగా వైల్డెబీస్టు మృగాలు పచ్చిక వెదుకుతూ తరలిపోయే దృశ్యం ఎవరినైనా అబ్బురపరుస్తుంది. అక్కడ మైదానం విశాలం, మృగాలు మందలు మందలు. మన కృష్ణాతీరపు అడవి తీరు వేరు. అది చూడవచ్చిన వారికి సులభంగా దొరకదు.

మచిలీపట్నం చెంత గిలకలదిండి పాయలోను, నాగాయలంక దిగువ మడ అడవులలోను పడవపై తిరిగి మేము తీసికొన్న బొమ్మలు కొన్ని మా వద్ద ఉన్నవి. ఒకదానిలో పోటునీరు తీసిన బురద. దాని నిండా మేకులు పాతినట్లు మడచెట్ల శ్వాసవేళ్లు. ఉప్పుబురదలో గాలి ఆడదు గనుక ఆ చెట్లు వేళ్లను పైకి పంపి ఊపిరి తీసికొంటవి. వేరొకదానిలో చిన్న మగపీత. దాని డెక్కలలో ఒకటి గోరంత, రెండవది దేహమంత. మరొకదానిలో ఇసుక మీద ఆలివ్ రిడ్లీ తాబేటి జాడ. అది రాత్రివేళ గట్టెక్కి, గుంట తీసి, సుమారు నూరు గుడ్లు పెట్టి, తిరిగి సముద్రంలో కలిసిపోతుంది.

మాకు మిక్కిలి ప్రియమైన బొమ్మలో ఏ జంతువూ లేదు. బురదలో నాలుగు అడుగుజాడలు మాత్రమే ఉన్నవి. అవి బావురుపిల్లివి. ఇంటిపిల్లికి రెట్టింపు ఉండే ఈ జంతువు నీటిలో దిగి చేపలు పట్టి తింటుంది. ఎన్ని రాత్రులు కాచుకొన్నా అది మాకు కనబడలేదు. బొమ్మ తీసిన పూటనే పోటు వచ్చి ఆ జాడలను తుడిచివేసింది.

ఒకే మలుపు వద్ద కొన్నేళ్ల ఎడంతో తీసిన బొమ్మలు రెండున్నవి. మొదటిదానిలో మడచెట్లు, రెండవదానిలో రొయ్యలచెరువు గట్టు. 1989లో ఏర్పడిన కృష్ణా అభయారణ్యం సుమారు 195 చదరపు కిలోమీటర్ల మేర అడవికి రక్షణ కల్పించింది. దాని ఎల్లలకు వెలుపల ఉన్న మడకు ఆ అండ లేదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో దివిసీమ వేలమందిని కోల్పోయింది. దట్టమైన మడ అలల ఉరవడిని తగ్గిస్తుందని తెలిసిన మనకు, ఆ రెండవ బొమ్మను చూచి ఊరక ఉండుట తగదు.

మీ ఇండ్లలోను ఏటిగట్టువో, రేవువో, పక్షులవో పాతబొమ్మలు ఉండవచ్చు. వాటి వెనుక స్థలము, సంవత్సరము వ్రాసి ఉంచండి. మన పిల్లలు అదే చోట నిలబడి, అక్కడ ఏమి మిగిలినదో పోల్చి చూచుకొనగలుగుతారు.