అబిసీనియాలోని ఆనందపు లోయ



చుట్టును కొండలు, నడుమ పచ్చని నేల, వెలుపలికి దారి లేదు. ఇట్టి లోయలను గూర్చిన కథలు అనేక దేశములందు కలవు. వానిలో నొకదానిని గూర్చి నేడు మీతో ముచ్చటింపదలచితిని. ఆ లోయ భూపటమున కానరాదు. ఆంగ్ల గ్రంథకర్త సామ్యూల్ జాన్సన్ 1759 లో ప్రకటించిన 'రాసెలాస్' అను కథయందు మాత్రమే యది కలదు. తల్లి మరణించినపుడు ఆ ఖర్చులకై ఆయన దీనిని కొలది దినములలో వ్రాసెనని చెప్పుదురు. కథకంటె ముందుగా ఆ లోయయొక్క స్వరూపమును వర్ణించెదను. ఏలయన, కథ యంతయు ఆ స్వరూపమునుండియే పుట్టినది.

అబిసీనియా, అనగా నేటి ఇథియోపియా దేశమున, అమ్హారా సీమలో ఆ లోయ యున్నట్లు జాన్సన్ కల్పించెను. రాజు బిడ్డలు సింహాసన మెక్కు వంతు వచ్చువరకు అందే నివసింపవలయునట. నలువైపుల నున్న కొండల శిఖరములు లోయమీదికి వంగియుండును. లోనికి బోవుటకు ఒక బండక్రింది గుహయే దారి. ఆ గుహ వెలుపలి మొగమును దట్టమైన యడవి కప్పివేసినది. లోపలి మొగమునకు గొప్ప ఇనుపతలుపులు కలవు. యంత్రముల సాయము లేనిదే వానిని కదల్ప నెవ్వరికిని సాధ్యము కాదు. ఏటికొకమారు చక్రవర్తి బిడ్డలను చూడవచ్చినపుడు మాత్రమే వానిని తెరచి, ఎనిమిది దినములు ఉత్సవములు జరుపుదురు. ఆ సమయమున గాయకులు, నర్తకులు మున్నగువారిని లోనికి చేర్చుకొందురు. కాని ఒకమారు లోపలికి పోయినవారికి మరల వెలుపలికి వచ్చుట యుండదు.

ఇక నీటి సంగతి. అన్ని కొండలనుండియు సెలయేళ్లు దిగివచ్చి, నేలను తడిపి, నడుమ నొక సరస్సుగా నిలుచును. అందు చేపలు, నీటిపక్షులు కలవు. సరస్సుకంటె దాదాపు ముప్పది అంగల ఎత్తున, ఒక మెరకమీద, రాజభవనము కలదు. నీరు నిండిన పిదప మిగులు ఉత్తరపు కొండలోని చీకటి చీలికలో దూరి, ఘోషించుచు, మెట్టుమీదినుండి మెట్టునకు పడిపోవును. చెరువుక్రింద సేద్యము చేసిన మీకు ఇది తెలియని విషయము కాదు. ఆ చీలికయే ఆ చెరువునకు కలుజు; కొన్ని సీమలలో అలుగందురు. మనుష్యులకు మూసిన కొండయే నీటికి దారి విడిచినది.

ఇది యంతయు కేవల కల్పన కాదు. లోబో అను పోర్చుగీసు మతగురువు వ్రాసిన అబిసీనియా యాత్రాగ్రంథమును జాన్సన్ 1735 లో ఆంగ్లమున వెలువరించియుండెను. ఆ దేశపు రాజులు నిజముగనే, వారసులు రాజ్యమునకై కలహింపకుండుటకు, తమ వంశమువారిని ఆంబా గెషెన్ అను కొండమీద నిర్బంధించుచుండిరి. 16వ శతాబ్దివరకు ఆ కొండ అందులకు ఉపయోగపడెను. ఆంబా యనగా పైభాగము చదునుగను, అంచులు నిట్టనిలువుగను ఉండు కొండ. పూర్వము అగ్నిపర్వతములు వెడలగ్రక్కిన రాతి పొరలను ఏరులు లోతుగా కోయగా అట్టి కొండలు ఏర్పడినవి. నిజమైన చెరసాల కొండకొన నుండగా, జాన్సన్ దానిని లోయగా మార్చెను. కొండమీద నిలిచినవానికి దూరదేశములు కానవచ్చును. లోయలోనివానికి పైనున్న ఆకాశమే గతి. ఆ మార్పునకు కారణ మిదియేయని నాకు తోచుచున్నది.

రాజుయొక్క నాలుగవ కుమారుడైన రాసెలాస్ ఇరువదియారవ యేట విచారగ్రస్తుడయ్యెను. పూర్వము చదువు చెప్పిన వృద్ధుడు వచ్చి, ఇచట నీకేమి కొరతయని యడిగెను. వెలుపలి లోకములోని దుఃఖములను చూచినయెడల ఈ సుఖముయొక్క విలువ తెలియుననెను. అట్లయిన ఆ దుఃఖములనే చూడగోరెదనని రాకుమారుడు తలచెను. పదినెలలు కొండలన్నియు వెదకెను, దారి దొరకలేదు. రెక్కలు కట్టుకొని ఎగురబోయిన ఒక శిల్పి సరస్సులో పడెను.

అంతలో వర్షకాలము వచ్చెను. ఇథియోపియా మెరకలందు మనకువలెనే జూన్ మొదలు సెప్టెంబరు వరకు పెద్దవానలు కురియును. కొండ చీలిక చాలక, సరస్సు పొంగి లోయ యంతయు మునిగెను. భవనమున్న మెరకయు, మరికొన్ని ఎత్తులును మాత్రము మిగిలెను. బొరియలు మునుగగా, కుందేళ్లవంటి చిన్న జంతువులు పొదలచాటున కొండను ఏటవాలుగా పైకి త్రవ్వుకొనెను. దానిని చూచి, లోకమంతయు తిరిగివచ్చిన ఇమ్లాక్ అను కవియు, రాకుమారుడును అట్లే త్రవ్వనారంభించిరి. కొంతకాలమునకు దారి యేర్పడెను. చెల్లెలు నెకాయాయు వెంటరాగా కొండకొనకు వెడలిరి. క్రింద నైలునది సన్నని పాయగా పారుచుండెను.

నిజమైన అబిసీనియాలో టానా సరస్సు కలదు. సముద్రమట్టమునకు దాదాపు 1,800 మీటర్ల ఎత్తున నున్నది. నీలనైలు దాని దక్షిణపు కొననుండి వెడలి, జలపాతమై దూకి, లోతైన కనుమలలో చుట్టివచ్చి ఈజిప్టునకు చేరును. నైలువరదలో పెక్కుపాలు ఆ మెరకల వాననీరే. ఆస్వాన్ ఎత్తైన ఆనకట్ట వచ్చువరకు ఈజిప్టు పొలములు ఏటేట ఆ నీటను మునిగి, ఒండ్రు పొందుచుండెను. రాసెలాస్ కైరో నగరము చేరి, ధనికులను, పండితులను, ఏకాంతవాసులను చూచెను. పూర్ణసుఖ మెచ్చటను కానలేదు. తుదకు నైలు పొంగి అందరిని ఇంట కూర్చుండబెట్టగా, వరద తీసిన పిదప అబిసీనియాకు మరలిపోవుటకు నిశ్చయించుకొనిరి. తమ దేశపు కొండల నీరే వారిని ఆపినది.

పెద్దలారా, మన గ్రామములందును చదివిన కుమారుడు పట్టణమునకు పోయెదననగా, ఇచట నీకేమి కొరతయని మనము అడుగుచుందుము. ఆ వృద్ధుని ప్రశ్నయు అదియే. అందు ప్రేమ లేకపోలేదు. కాని చెరువుగట్టును కాపాడునది కలుజే. దానిని మూసినయెడల నీరు మిగులదు, గట్టు తెగును. తలుపు తెరచి పంపినయెడల బిడ్డ ఆ తలుపుననే తిరిగి రాగలడు. కొండ త్రవ్వుకొని పోయినవానికి ఆ యనుకూలము లేదు.