కలతచెందే స్వభావం పుట్టుకతో వచ్చేదేనా?



"వాళ్ళ రక్తమే అంత" అన్న మాట వినని వారు ఈ సభలో ఉండరు. ఆ పాత మాటకు నేడు జన్యుశాస్త్రాన్ని సాక్ష్యం పిలుస్తున్నారు. కనుక ఆ శాస్త్రం నిజంగా చెప్పినదేమిటో చూడవలసి ఉన్నది.

స్వల్ప విషయానికే కలతపడడం, దిగులు, ఆందోళన మిక్కుటంగా ఉండడం అనే స్వభావాన్ని మనస్తత్వ శాస్త్రంలో న్యూరోటిసిజం అంటారు. ఇది రోగం కాదు. అందరిలోనూ హెచ్చుతగ్గులుగా ఉండేదే. కవలలపై జరిగిన పరిశోధనల ప్రకారం, ఈ స్వభావంలో మనిషికీ మనిషికీ ఉండే తేడాలలో సుమారు 40 శాతం వంశపారంపర్యానికి చెందుతుంది. దీనిని కాదనవలసిన అవసరం మనకు లేదు. అయితే ఇది ఒక సమూహంలోపలి లెక్క. ఒకే బస్తాలోని విత్తులను కొన్ని రేగడిలో, కొన్ని చవుడు నేలలో చల్లినామనుకోండి. ఒకే మడిలో మొక్కకూ మొక్కకూ గల తేడా విత్తనానిది కావచ్చు. మడికీ మడికీ గల తేడా మాత్రం నేలదే. వాడకూ వాడకూ మధ్య కనబడే తేడాను రక్తానికి అంటగట్టేవారు ఈ నేలనే మరుగుపరుస్తారు.

1996లో, సెరటోనిన్ రవాణాకు సంబంధించిన ఒక జన్యువులోని భేదం ఆందోళన స్వభావంతో ముడిపడి ఉన్నదని ప్రకటించారు. దాని వంతు 3, 4 శాతమేనని ఆ పరిశోధకులే చెప్పినా, సంచలనం మాత్రం పెద్దదే. తరువాతి పరిశీలనలలో ఆ సంబంధం నిలకడగా కనబడలేదు. 2018లో సుమారు 4,49,000 మందిని పరిశీలించి 136 జన్యుస్థానాలను గుర్తించారు. ఒక్కొక్కదాని ప్రభావం అత్యల్పం. పైగా వారు ఐరోపా సంతతివారు. ఆ ఫలితాలను తెచ్చి మన పల్లెల మీద తీర్పు చెప్పడం సాహసమే.

కులానికి జీవశాస్త్రంలో సమర్థన వెదికినవారికి బాబాసాహెబ్ 1936లోనే 'కులనిర్మూలన'లో సమాధానమిచ్చారు. ఉన్నత మానసిక గుణాలు ఏదో ఒకే విధానంలో సంక్రమిస్తాయనడానికి ఆధారం లేదన్న బేట్సన్ అభిప్రాయాన్ని అందులో ఉదహరించారు. ఎనిమిది దశాబ్దాల తరువాతి లెక్కలు కూడా ఆ వైపే చూపుతున్నవి.

తల్లిదండ్రుల జన్యువులు ప్రతి బిడ్డలోనూ కొత్తగా కలగలుస్తాయి. అందుచేత ఒకే ఇంట ఒక బిడ్డ నిబ్బరంగా, మరొక బిడ్డ బెదురుగా ఉండవచ్చు. ఆ బెదురు బిడ్డను "మేనమామ పోలిక" అని వదిలివేయకండి. 2017లో 207 అధ్యయనాలను కలిపి పరిశీలించగా, మానసిక చికిత్స వంటి సహాయం పొందినవారిలో ఈ కలత కొన్ని నెలలలోనే చెప్పుకోదగినంతగా తగ్గినట్లు తేలింది.