పాత గొలుసు ట్రాక్టర్లు – వాని పోషణము



మెత్తని నేలలో చక్రము దిగబడినచో కలుగు కష్టమును రైతుకు వేరుగ చెప్పనక్కరలేదు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున, స్టాక్టన్ పట్టణము చెంత, మన లంకలవంటి మెత్తని భూములు కలవు. అచ్చట దున్నవచ్చిన ఆవిరి యంత్రములు తమ బరువునకు తామే క్రుంగిపోవుచుండెడివి. చక్రములను ఎంత వెడల్పు చేసినను ఫలము లేకపోయెను. తుదకు బెంజమిన్ హోల్ట్ అను నాతడు వెనుక చక్రములు తీసివేసి, చెక్కపలకలు బిగించిన గొలుసు పట్టాలను వాని స్థానమున అమర్చి, 1904 నవంబరు 24న నడిపి చూచెను. యంత్రము దిగబడలేదు. గొంగళిపురుగువలె ప్రాకుచున్నదని చూచిన వారొకరు అనిన మాటయే దానికి పేరయ్యెను. క్యాటర్‌పిల్లర్ అనగా గొంగళిపురుగే.

మన దేశమునకును ఈ యంత్రములతో సంబంధము కలదు. రెండవ ప్రపంచ యుద్ధానంతరము అమెరికా సైన్యము విడిచిపోయిన గొలుసు ట్రాక్టర్లతో కేంద్ర ట్రాక్టర్ సంస్థ మధ్య భారతపు నల్లరేగళ్లలో రెల్లుగడ్డిని వేళ్లతో పెకలించుటకు పూనుకొనెను. 1949లో ప్రపంచ బ్యాంకు మన దేశమునకిచ్చిన కోటి డాలర్ల ఋణము ఇట్టి పనికొఱకే.

ఆనాటి యంత్రములను నేడు పాశ్చాత్య దేశములలో పలువురు ముచ్చటపడి కొని పోషించుచున్నారు. 1938 మొదలు 1957 వఱకు తయారైన డి2 అను ట్రాక్టరు వీరికి మిక్కిలి ప్రియమైనది. చిన్నదనినను దాని బరువు సుమారు మూడు టన్నులు. తారురోడ్డుపై నడిపినచో రోడ్డు చెడును. కావున ఇంటికి తెచ్చుటకే ఒక లారీ కావలయును.

కొనదలచినవాడు ముందుగా చూడవలసినది ఇంజను కాదు, పట్టాలు. పట్టాలోని ఒక లంకెను మఱియొక లంకెతో కలుపునది సీల, సీలచుట్టు బుష్షు. మట్టియు ఇసుకయు ఆకురాయివలె వీనిని ఒకవైపు అరగదీయును. సీలలు అరిగినకొలది గొలుసు సాగును. సాగిన గొలుసు పండ్లచక్రమును తినివేయును. సకాలమున చూచుకొన్నవాడు సీలలను, బుష్షులను పెద్ద ప్రెస్సుతో ఊడదీయించి, అరగనివైపు పనికి వచ్చునట్లు సగము త్రిప్పి మరల బిగింపించును. ఉపేక్షించినవాడు క్రొత్త పట్టాలు కొనవలసివచ్చును. వాని ఖరీదు ఒక్కొక్కప్పుడు ట్రాక్టరు ఖరీదునే మించును. ఆ లెక్క చూచుకొనియే పెక్కు యంత్రములను పాత ఇనుమువానికి అమ్మివేసిరి. పట్టాను మిక్కిలి బిగించినచో త్వరగా అరుగును. వదులుచేసినచో మలుపులో ఊడిపడును. ఊడిన పట్టాను బురదలో మరల ఎక్కించినవాడు ఆ పాఠమును మఱవడు.

ఇంజను నడపించు విధము వినదగినది. డీజిలు ఇంజను ప్రక్కనే రెండు సిలిండర్ల చిన్న పెట్రోలు ఇంజను ఉండును. మొదట దానిని నడపగా అది పెద్దదానిని త్రిప్పును. రెంటికిని నీరొక్కటే యగుటచే చిన్నది వేడెక్కినకొలది పెద్దదియు వెచ్చబడును. పిల్ల మొండికేసినచో తల్లి కదలదు! పాత పెట్రోలు కార్బురేటరులో జిగురుగట్టుటయే తఱచు కారణము.

పనిచేసి చెడిన యంత్రములకంటె ఊరక నిలిచి చెడినవే హెచ్చు. పొగగొట్టముపై మూతలేనిచో వాననీరు దిగి సిలిండర్లు త్రుప్పుపట్టును. ఒక ఖాళీ డబ్బా బోర్లించిన చాలును. ఆ డబ్బా లేకయే ఎన్నో ఇంజనులు బిగుసుకొనిపోయినవి. ఈ ట్రాక్టరునకు స్టీరింగు చక్రము లేదు, రెండు మీటలుండును. ఒక మీట లాగినచో ఆవైపు క్లచ్చు విడివడి, ఆ పట్టాకు శక్తి ఆగి, ట్రాక్టరు ఆ దిక్కునకు తిరుగును. తేమ చేరినచో క్లచ్చు పలకలు త్రుప్పుతో అంటుకొనును. అందుచే జాగరూకులు కొట్టములో నిలుపునపుడు మీటలను వెనుకకు లాగి త్రాటితో కట్టియుంచుదురు. కొందఱు పసుపురంగు మెరయునట్లు పూసి ప్రదర్శనమునకు తెచ్చెదరు గాని, వారి ట్రాక్టరు తిన్నగా తప్ప పోజాలదు.

గ్రంథాలయమున ఒక మాట చెప్పుట యుక్తము. డి2 లన్నియు ఒకటి కావు. తొలివాని వరుస సంఖ్య 3జె, 5జె అనియు, 1947 నుండి వచ్చినవాని సంఖ్య 4యు, 5యు అనియు మొదలగును. పట్టాల మధ్య దూరము కొన్నింట 40, కొన్నింట 50 అంగుళములు. ఒకదాని భాగము మఱియొకదానికి సరిపడకపోవచ్చును. కావున యజమానికి తన సంఖ్యకు తగిన విడిభాగముల పుస్తకము, నడుపువాని పుస్తకము ఉండితీరవలయును. పట్టా ఎంత వదులు, ఎచ్చట గ్రీజు, ఎన్ని గంటలకు నూనె, అన్నియు అందే కలవు. ట్రాక్టరుతోపాటు పుస్తకమును ఇచ్చువాడు మంచి అమ్మకందారు. అది పోయినచో, కొన్నవాడు ఇంజనుపైనున్న సంఖ్యను మసి తుడిచి చదువుటతో తన పని ప్రారంభించును.