కోచ్ మారినా నిలిచే బాణీ
(సయ్యద్ అబ్దుల్ రహీం స్మృతిలో నిజామాబాద్‌లో చేసిన ప్రసంగ పాఠం)



 2024లో ‘మైదాన్’ సినిమా వచ్చాక సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ కథ ఇంటింటికీ తెలిసింది. 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల బంగారు పతకం గెలిచిన భారత జట్లకు ఆయనే కోచ్. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మనం నాలుగో స్థానంలో నిలిచింది ఆయన చేతుల మీదుగానే. జకార్తా విజయం తర్వాత ఏడాది తిరగకుండానే, 1963 జూన్ 11న, క్యాన్సర్‌తో కన్నుమూశారు.

సినిమా అక్కడ ఆగుతుంది. నా ప్రసంగం అక్కడ మొదలవుతుంది. ప్రతి మంచి జట్టుకూ తనదైన ఆట బాణీ ఒకటి ఉంటుంది. దాన్ని నేర్పిన మనిషి వెళ్లిపోతే ఆ బాణీ ఎన్నాళ్లుంటుంది, దేన్ని పట్టుకుని ఉంటుంది? ఈ ప్రశ్నకు జవాబు హైదరాబాద్ ఫుట్‌బాల్ చరిత్రలో ఉంది. అది ఈ రోజు మన జిల్లాకు అక్కరకొచ్చే జవాబు కూడా.

మొదట ఒక మాట గుర్తుంచుకోవాలి. రహీం సాబ్ సైతం ఒకరి తర్వాత వచ్చినవారే. ఆయన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును చేపట్టింది 1950లో. అంతకు ముందు ఆ జట్టును తీర్చిదిద్దినవారు నార్బర్ట్ ఫ్రూవాల్. 1943లో బెంగళూరులో జరిగిన ఆష్ గోల్డ్ కప్‌లో మన పోలీసులు రాయల్ ఎయిర్ ఫోర్స్ జట్టును ఓడించారు.  బూట్లు తొడుక్కున్న దొరల జట్టును మన కానిస్టేబుళ్లు గెలవగలరని తేలింది ఆ రోజే. ఆ నమ్మకం రహీం సాబ్‌కు వారసత్వంగా అందింది.

ఆయన ఏం జోడించారో చూద్దాం. వృత్తిరీత్యా ఆయన బడిపంతులు. 1909లో హైదరాబాద్‌లో పుట్టి, ఉస్మానియాలో చదివి, నగరంలోని పాఠశాలల్లో పాఠాలు చెప్పారు. 1943 నుంచి చివరిదాకా హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శిగా ఉన్నారు. ఈ రెండు పనులూ ఒకే మనిషి చేయడంలోనే అసలు విషయం ఉంది. ఉపాధ్యాయుడిగా పిల్లవాడికి ఏ వయసులో ఏది ఎక్కుతుందో ఆయనకు తెలుసు. కార్యదర్శిగా టోర్నమెంట్లు పెట్టే అధికారం చేతిలో ఉంది. తాను నమ్మిన ఆటను ఉపన్యాసంగా చెప్పకుండా టోర్నమెంటు నియమంగా మార్చారు.

ఆయన నడిపిన పోటీల్లో ఒకటి డ్రిబ్లింగ్ లేని టోర్నమెంటు. బంతి అందిన ఆటగాడు దాన్ని కాళ్ల మధ్య తిప్పుకుంటూ ముందుకు పోకూడదు. తోటివాడు ఎక్కడున్నాడో చూసి వెంటనే అందించాలి. అలా ఆడాలంటే బంతి కాలికి తగలకముందే తల ఎత్తి చూసే అలవాటు రావాలి. ఇంకొకటి బలహీనమైన కాలితో ఆడే టోర్నమెంటు. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమ కాలితోనే కొట్టాలి. ఇలా రెండు మూడేళ్లు ఆడిన పిల్లవాడికి మైదానంలో రెండు వైపులా దారి తెరుచుకుంటుంది.

వ్యాయామ ఉపాధ్యాయులారా, ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. మాటతో చెప్పిన పాఠానికి చెప్పేవాడు పక్కనే ఉండాలి. నియమంగా పెట్టిన పాఠానికి ఆ అవసరం లేదు. రహీం సాబ్ రోమ్‌లో ఉన్నా, జకార్తాలో ఉన్నా, హైదరాబాద్ గల్లీలో ఆ టోర్నమెంటు ఆడుతున్న పన్నెండేళ్ల కుర్రాడికి ఆయన పాఠం అందుతూనే ఉంది. పాస్ ఇవ్వక తప్పని ఆటలో పాస్ ఇవ్వడమే అలవాటవుతుంది.

ఫలితాలు మనకు తెలిసినవే. అప్పట్లో బొంబాయిలో జరిగిన రోవర్స్ కప్‌ను హైదరాబాద్ సిటీ పోలీస్ 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్లు గెలిచింది. 1950లోనే ఢిల్లీలో మోహన్ బగాన్‌ను ఫైనల్లో ఓడించి డ్యూరాండ్ కప్ తెచ్చింది. 1956–57లో, 1957–58లో హైదరాబాద్ జట్టు రాష్ట్ర జట్ల పోటీ అయిన సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఆటగాళ్లు మారారు, రాష్ట్రం పేరు మారింది, సిటీ పోలీస్ కాస్తా ఆంధ్రప్రదేశ్ పోలీస్ అయింది. బాణీ మాత్రం మారలేదు.

బాణీ మారలేదంటే అంతా యథాతథంగా ఉంచారని అనుకోకండి. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో మనం 10–1 తేడాతో ఓడాం. అప్పటికి మనవాళ్లలో చాలామంది ఉత్త కాళ్లతో ఆడేవారు. ఆ తర్వాత బూట్లు తప్పనిసరి అయ్యాయి, జట్టు అమరిక మారింది, స్థానాలు మారాయి. 1962 ఆసియా క్రీడల్లో తలకు గాయమై కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను రహీం సాబ్ ముందు వరుసలో నిలబెట్టారు. దక్షిణ కొరియాపై 2–1తో గెలిచిన ఫైనల్లో ఒక గోల్ పీకే బెనర్జీది, మరొకటి జర్నైల్‌ది. వేళ్లు గట్టిగా ఉన్నప్పుడే కొమ్మలను ధైర్యంగా మార్చగలం. బంతి త్వరగా ఒకరి నుంచి ఒకరికి అందాలి, ఒకరి కోసం ఒకరు పరుగెత్తాలి అన్నవి స్థిరంగా ఉన్నాయి కాబట్టే మిగతావన్నీ మార్చే స్వేచ్ఛ ఆయనకు దొరికింది.

1963 జూన్ తర్వాత ఏమైంది? అదే ఏడాది ఆంధ్రప్రదేశ్ పోలీస్ మళ్లీ రోవర్స్ కప్ గెలిచింది. 1964 ఆసియా కప్‌కు భారత జట్టు ఇంగ్లిష్ కోచ్ హ్యారీ రైట్ శిక్షణలో వెళ్లి రెండో స్థానం సాధించింది. 1965–66లో ఆంధ్రప్రదేశ్ జట్టు బెంగాల్‌ను ఓడించి సంతోష్ ట్రోఫీ గెలిచింది. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కంచు పతకం గెలిచిన జట్టుకు కెప్టెన్ మన సయ్యద్ నయీముద్దీన్. కోచింగ్ బాధ్యత చూసినవారిలో ఒకరు పీకే బెనర్జీ, అంటే జకార్తా ఫైనల్లో గోల్ కొట్టిన రహీం శిష్యుడు. గురువు పోయిన ఏడేళ్లకు కూడా పాఠం నడుస్తూనే ఉంది.

ఆ తర్వాత సన్నగిల్లింది. 1965–66 తర్వాత మన తెలుగు నేలకు సంతోష్ ట్రోఫీ రాలేదు. 2024 డిసెంబరు 31న ఆ ట్రోఫీ ఫైనల్ హైదరాబాద్ గచ్చిబౌలిలోనే జరిగింది. ఆడినవి బెంగాల్, కేరళ. మనం ఆతిథ్యం ఇచ్చాం.

ఎందుకిలా జరిగిందో చెప్పడానికి మన చెరకు రైతుకు తెలిసిన సంగతి ఒకటి చాలు. చెరకు కొట్టేశాక మోళ్లు నేలమట్టానికి చెక్కి, ఎరువేసి, నీరు కడితే మళ్లీ విత్తనం పెట్టకుండానే కార్శి తోట లేస్తుంది. రెండో పంటా వస్తుంది. అయితే కార్శి ఎల్లకాలం రాదు, కొన్నేళ్లకు కొత్త ముచ్చెలు నాటక తప్పదు. ఇంకో సంగతి మీకు నాకంటే బాగా తెలుసు. 1937లో స్థాపించిన మన శక్కర్‌నగర్ నిజాం షుగర్స్ ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద చక్కెర మిల్లుగా పేరు పొందింది. 2015 డిసెంబరులో అది మూతపడింది. నేల అదే, నిజాంసాగర్ కాలువలు అవే, రైతు చేతిలో పని అదే. పండించింది తోలడానికి మిల్లు లేనప్పుడు రైతు చెరకు తీసేసి వరి వేశాడు.

హైదరాబాద్ ఫుట్‌బాల్‌లోనూ ఈ రెండూ జరిగాయి. రహీం సాబ్ నాటింది ఒక తరందాకా కార్శిగా వచ్చింది. బడుల్లో, బస్తీల్లో కొత్తగా నాటేవారు తగ్గారు. పోలీసు శాఖ ఇచ్చే ఉద్యోగమే ఆనాటి ఆటగాడికి అన్నం పెట్టింది. ఆ ఆధారం పలచబడ్డాక, అంతకంటే ఎక్కువ ఇవ్వగల కోల్‌కతా క్లబ్బులు మనవాళ్లను పిలుచుకున్నాయి. 1966లో మహమ్మద్ హబీబ్, నయీముద్దీన్ ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లారు. 1977లో పెలే కాస్మోస్ జట్టుతో కోల్‌కతాకు వస్తే, 2–2తో ముగిసిన ఆ ఆటలో మోహన్ బగాన్ తరఫున గోల్ కొట్టినవారిలో మన హబీబ్ ఒకరు. వాళ్లు వెళ్లడంలో తప్పు లేదు. వాళ్ల స్థానంలో మరో హబీబ్‌ను తయారుచేసే ఏర్పాటు ఇక్కడ మిగలకపోవడమే నష్టం.

బయటి దేశాల్లో బాణీ నిలిచిన చోట్లను చూసినా ఇదే కనిపిస్తుంది. లివర్‌పూల్‌లో బిల్ షాంక్లీ 1959 నుంచి 1974 దాకా మేనేజర్. ఆయన దిగిపోయాక క్లబ్బు బయటివారిని వెతకలేదు. బూట్లు భద్రపరిచే చిన్న గదిలో ఆయనతో కూర్చుని ప్రతి ఆటనూ చర్చించిన సహాయకుల్లోంచే బాబ్ పైస్లీని తీసుకుంది. పైస్లీ మూడు యూరోపియన్ కప్పులు గెలిచాడు. ఆయన తర్వాత అదే గది నుంచి వచ్చిన జో ఫాగన్ 1984లో మరొకటి గెలిచాడు. బార్సిలోనాలో 1979లో లా మాసియా అనే వసతి శిక్షణాలయం మొదలైంది. 1988లో కోచ్‌గా వచ్చిన యోహన్ క్రైఫ్ తన ఆటను పిల్లల జట్లదాకా దింపాడు. ఆయన 1996లో వెళ్లిపోయాక వేర్వేరు కోచ్‌లు వచ్చారు. 2008లో పగ్గాలు పట్టిన పెప్ గార్డియోలా ఆ శిక్షణాలయంలో పెరిగిన కుర్రవాడే. ఒకచోట గది, ఇంకోచోట బడి. రెండుచోట్లా జ్ఞానం ఒక్క తలలో ఉండిపోకుండా పదిమందిలో నాటుకుంది.

దీనికి భిన్నమైన కథ మన కళ్లముందే జరిగింది. 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఏర్పడింది. 2020లో స్పెయిన్ నుంచి వచ్చిన మనోలో మార్క్వెజ్ కుర్రాళ్లను నమ్మి, ధైర్యంగా ఆడే జట్టును తయారుచేశారు. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్ 1–1 అయి పెనాల్టీలకు వెళితే గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడింటిని ఆపాడు. ఇండియన్ సూపర్ లీగ్ టైటిల్ మనదైంది. 2023లో మార్క్వెజ్ వెళ్లారు. ఆర్థిక ఇబ్బందులు చుట్టుముట్టాయి, ఆటగాళ్లు చెదిరిపోయారు, 2023–24లో జట్టు పట్టికలో అట్టడుగున నిలిచింది. 2025లో ఆ క్లబ్బే ఢిల్లీకి తరలిపోయింది. మూడేళ్లలో శిఖరం, ఆ తర్వాత శూన్యం. మంచి కోచ్ ఒక మంచి జట్టును ఇవ్వగలడు. దాన్ని నిలిపి ఉంచడానికి కింద బడులూ పైన నిలకడైన ఆర్థిక ఆధారమూ కావాలి.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. మన నిజామాబాద్ బిడ్డ గుగులోత్ సౌమ్య ఇక్కడి మైదానంలో బంతి తన్నడం నేర్చుకుని, కేరళలో గోకులం జట్టుకు, క్రొయేషియాలో దినామో జాగ్రెబ్‌కు, కోల్‌కతాలో ఈస్ట్ బెంగాల్‌కు ఆడింది. 2024–25లో ఈస్ట్ బెంగాల్ మహిళల లీగ్ గెలిచింది. ఆ సీజన్‌కు దేశంలో ఉత్తమ క్రీడాకారిణి పురస్కారం సౌమ్యకు దక్కింది. ప్రతి క్లబ్బులో ఆమెకు కొత్త కోచ్. అన్నిచోట్లా ఆమెతో వెళ్లింది మాత్రం చిన్నప్పుడు ఇక్కడ ఎవరో ఓపికగా నేర్పిన తొలి పాఠం. ఆమెను చూసి మనందరికీ గర్వంగా ఉంది. అరవై ఏళ్ల కిందట హబీబ్ వెళ్లిన క్లబ్బుకే సౌమ్య వెళ్లిందని కూడా గమనించండి. మన నేలలో ప్రతిభ పుడుతూనే ఉంది, ఎదగడానికి దూరం పోవాల్సి వస్తూనే ఉంది.

మన జిల్లాలో కోచ్ మారడమంటే వార్తాపత్రికలో వచ్చే ప్రకటన కాదు, వ్యాయామ ఉపాధ్యాయుడి బదిలీ ఉత్తర్వు. ఒక సార్ ఐదారేళ్లు కష్టపడి ఒక ఊరి బడిలో ఫుట్‌బాల్ జట్టును నిలబెడతారు. బదిలీ అవుతుంది. వచ్చిన సార్‌కు కబడ్డీ ఇష్టం. మరుసటి ఏడాది గోల్ స్తంభాలకు తుప్పు పడుతుంది. ఈ బదిలీని మనం ఆపలేం. పాఠం మాత్రం బదిలీ కాకుండా చూసుకోగలం.

అందుకు మూడు పనులు సూచిస్తున్నాను. మొదటిది, నిజామాబాద్, బోధన్ పాఠశాలల మధ్య పన్నెండేళ్ల లోపు పిల్లలకు ఏటా డ్రిబ్లింగ్ లేని టోర్నమెంటు, బలహీన కాలి టోర్నమెంటు పెట్టాలి. ఆడపిల్లలకూ మగపిల్లలకూ సమానంగా పెట్టాలి. పెద్ద స్టేడియం అక్కర్లేదు, బడి ఆవరణలు చాలు. రెండోది, ప్రతి బడిలో ఫుట్‌బాల్ పుస్తకం ఒకటి ఉండాలి. ఏ వారం ఏ అభ్యాసం చేయించారో, ఏ పిల్లకు ఏ కాలు బలహీనమో అందులో రాయాలి. ఉపాధ్యాయుడు బదిలీపై వెళ్లేటప్పుడు తాళంచెవులతో పాటు అది కూడా అప్పగించాలి. తొమ్మిది, పది తరగతుల పిల్లలు ఆరు, ఏడు తరగతుల వారికి నేర్పే పద్ధతి పెట్టాలి. అప్పుడు కొత్త సార్‌కు ఫుట్‌బాల్ రాకపోయినా బడికి వచ్చి ఉంటుంది. మూడోది మన చేతుల్లో పూర్తిగా లేనిది, అయినా అడగక తప్పనిది. పోలీసు శాఖ, విద్యుత్ సంస్థలు, ఆర్టీసీ వంటివి ఫుట్‌బాల్ ఆటగాళ్లకు ఉద్యోగాలిచ్చి తమ జట్లను మళ్లీ నిలబెట్టాలి. ఐదేళ్లు వరుసగా రోవర్స్ కప్ తెచ్చింది నెల జీతం తీసుకునే పోలీసు ఉద్యోగులే. జీతం ఉన్నచోటే అభ్యాసానికి మనసు నిలుస్తుంది.

రహీం సాబ్‌కు విగ్రహం కడితే సంతోషమే. ఆయన పెట్టిన నియమాలతో ఒక టోర్నమెంటు మన జిల్లాలో నడిస్తే అంతకంటే పెద్ద గౌరవం. ఈ సభ నుంచి వెళ్లాక ఇద్దరు ముగ్గురు ఉపాధ్యాయులు కలిసి కూర్చోండి, వచ్చే విద్యాసంవత్సరానికి తేదీలు ఖాయం చేయండి. టోర్నమెంటుకు ఏ పేరైనా పెట్టుకోండి. నియమాలను మాత్రం స్పష్టంగా కాగితం మీద రాసి బడి రికార్డుల్లో ఉంచండి. మిమ్మల్ని ఎన్నడూ చూడని ఉపాధ్యాయుడు ఒకనాడు ఆ కాగితం తెరిచి పిల్లలను ఆడించగలగాలి. అది జరిగిన రోజు రహీం సాబ్ బాణీ మన జిల్లాలో నిలిచినట్టు.