పుస్తకాల కాపరులకు ఒక సంఘం

అమెరికాలో 1921లో మొదలైన క్యాథలిక్ లైబ్రరీ అసోసియేషన్ గురించి ఈ పూట రెండు మాటలు. చర్చి బడుల్లో, కాలేజీల్లో పుస్తకాలు చూసుకునేవాళ్లు చాలాచోట్ల ఒంటరిగానే పనిచేస్తారు. అలాంటివాళ్లను ఒకచోట చేర్చిందీ సంఘం. సొంత పత్రిక పెట్టింది. అంతకన్నా పెద్ద పని, క్యాథలిక్ పత్రికల్లోని వ్యాసాలకు సూచిక తయారుచేయడం. రచయిత పేరో, విషయమో తెలిస్తే చాలు, ఏ పత్రిక, ఏ సంచిక, ఏ పేజీ అన్నది దొరికిపోతుంది. పాత సంచికల దొంతరలు తిరగేసినవాళ్లకే ఆ మేలు తెలుస్తుంది. నాకు మరీ నచ్చింది రెజీనా పతకం. బాలసాహిత్యానికి ఏళ్ల తరబడి సేవచేసినవారి కోసం 1959లో మొదలుపెట్టారు. తొలి పతకం ఇంగ్లండు రచయిత్రి ఎలినార్ ఫార్జన్‌కు దక్కింది. ఈసారి మీ ఊరి గ్రంథాలయానికి వెళ్లినప్పుడు అక్కడి లైబ్రేరియన్‌ను తప్పక పలకరించండి.