ఆపరేషన్ ముందు పూల్ మూసేస్తున్నా: మే నెలలోనే ఎందుకు, ఎలా

వెనకాల మోటర్ సౌండ్ వస్తుంది, ఏమనుకోకండి. ఈ రోజు అది ఆపలేను, ఎందుకో మధ్యలో చెప్తా.

ఇది ఇబ్రహీంపట్నంలో మా ఇంటి పెరట్లో ఉన్న పూల్. పాత ఎపిసోడ్లు చూసినవాళ్లకి తెలుసు. 30 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు, సగటున 4 అడుగుల లోతు. అంటే దాదాపు 51 వేల లీటర్లు. ప్రతి ఏడాది మృగశిర కార్తె దాకా నడిపిస్తాం. ఆ రోజు చేపల కూర తిని, పిల్లలు ఆఖరిసారి దూకి, అక్కడితో బంద్. ఈసారి మే మొదటి వారంలోనే మూసేస్తున్నా. బయట ఎండ చూస్తే ఎవరైనా పిచ్చోడు అంటారు.

సంగతి ఏంటంటే, వచ్చే బుధవారం నాకు హెర్నియా ఆపరేషన్. ఫిబ్రవరిలో క్లోరిన్ డ్రమ్ము గుంజుతుంటే గజ్జల్లో చిన్న ఉబ్బు కనిపించింది. పడుకుంటే లోపలికి పోతుంది, నిలబడితే వస్తుంది. నొప్పి పెద్దగా లేదు. నేను ఏం చేశానంటే, మన ఐటీ బుద్ధి కదా, ప్రొడక్షన్ ఆగనంతవరకు బగ్ ముట్టుకోవద్దు అన్నట్టు వదిలేశా. డ్రమ్ము వల్ల వచ్చిందా అని డాక్టర్‌ని అడిగితే, అక్కడ కండ ముందే బలహీనంగా ఉంటుంది, బరువు దాన్ని బయటపెట్టింది అన్నారు.

జూన్ 12కి స్కూళ్లు తెరుస్తారు, అక్క పిల్లలు వెళ్లిపోయాక చేయించుకుంటా అన్నా. ఆయన వద్దన్లేదు. కానీ ఒక మాట చెప్పారు. ఆ ఉబ్బు గట్టిపడి లోపలికి పోకపోతే, నొప్పి, వాంతులు మొదలైతే, పేగు అందులో ఇరుక్కుందని అర్థం, అప్పుడు డేట్ నువ్వు పెట్టవు, రాత్రికి రాత్రి పరిగెత్తాలి అని. అలాంటి ఉబ్బు ఉండి ఈ వీడియో చూస్తున్నవాళ్లు ఉంటే, ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి. పూల్ సంగతి తర్వాత.

ఆపరేషన్ అయ్యాక ఆరు వారాలు బరువులు ఎత్తొద్దు, గాయం పూర్తిగా మానేదాకా నీళ్లలో దిగొద్దు అన్నారు. మరి ఆ ఆరు వారాలు పూల్‌ని ఎవరు చూస్తారు?

మా నాయన వెంటనే, "నీళ్లు ఖాళీ చేసి పడెయ్‌రా, లొల్లి ఉండదు" అన్నారు. చాలామంది చేసేది ఇదే. సాగర్ రోడ్డు మీద ఫామ్‌హౌస్‌లు ఉన్నవాళ్లు కూడా సీజన్ అయిపోగానే మోటర్ పెట్టి గుంజేస్తారు. కానీ ఖాళీ పూల్ అంటే భూమిలో పాతిన ఖాళీ తొట్టి. వానలు పడి భూమిలో నీళ్లు పైకి వస్తే, కింద నుంచి తోస్తాయి. లోపల నీళ్ల బరువే దాన్ని అదిమి పెట్టేది. బరువు లేకపోతే ఫ్లోర్ పగలొచ్చు, తొట్టి మొత్తం లేవొచ్చు కూడా. వానల కంటే ముందు మే ఎండ ఉంది, టైల్స్ ఊడిపోతాయి. మళ్లీ నింపాలంటే 5 వేల లీటర్ల ట్యాంకర్లు పది. నాయనకి ఇవన్నీ చెప్తే విన్లేదు, పది ట్యాంకర్ల రేటు చెప్తే విన్నారు.

ఇక పూల్ మూయడం అని వెతికితే అన్నీ అమెరికా వీడియోలే. వాళ్లకి చలికాలం నీళ్లు గడ్డకట్టి పైపులు పగుల్తాయని, పైపుల్లో గాలి కొట్టి, బిరడాలు పెట్టి మూసేస్తారు. మనకి ఆ బాధ లేదు. మన శత్రువు ఎండ, పాచి, దోమ. నీళ్లు కదలకుండా, క్లోరిన్ లేకుండా ఉంటే మన ఎండకి నాలుగైదు రోజుల్లో పచ్చబడతాయి. దోమ గుడ్డు నుంచి దోమ అవడానికి వారం, పది రోజులు చాలు. ఆపరేషన్ అయి ఇంట్లో పడుకున్నోడి కిటికీ పక్కనే దోమల ఫ్యాక్టరీ అన్నమాట. అందుకే నేను చేస్తున్నది నిజానికి మూయడం కాదు. ఈత బంద్, నీళ్లు మాత్రం బతికే ఉండాలి, అదీ నేను లేకుండా.

ఆదివారం పిల్లలు ఆఖరిసారి ఆడారు. సోమవారం ఆకులు తీసి, గోడలు బ్రష్ కొట్టి, ఫిల్టర్ బ్యాక్‌వాష్ చేశాం. బ్రష్, బకెట్లు అన్నీ తమ్ముడే, నేను కుర్చీలో కూర్చుని ఆర్డర్లు. తర్వాత పీహెచ్. మా బోరు నీళ్లలో సున్నం ఎక్కువ, పీహెచ్ ఎప్పుడూ 8 దగ్గరికి పోతుంది. అక్కడ ఎంత క్లోరిన్ వేసినా చాలా భాగం సరిగ్గా పనిచేయదు. అందుకే ముందు యాసిడ్‌తో 7.4కి తెచ్చాం. సాయంత్రం ఎండ తగ్గాక షాక్ డోసు, 65 శాతం క్లోరిన్ పౌడర్ 800 గ్రాములు. మన 51 వేల లీటర్లకి అది 10 పీపీఎం. బకెట్‌లో ముందు నీళ్లు, తర్వాత పౌడర్. తిరగేసి చేయొద్దు.

తర్వాత నేను చేసిన మంచి పని, టెస్టింగ్. మూడు రోజులు నేను దేన్నీ ముట్టుకోలేదు, మొత్తం అమ్మ చేతికి ఇచ్చా. కాగితం మీద అంతా బాగానే రాశా కదా, మొదటి రోజే మూడు బగ్స్. ఫిల్టర్ వాల్వ్ హ్యాండిల్ అమ్మకి తిరగలేదు, చాలా బిగుతు. స్కిమ్మర్ బుట్ట ఎక్కడుందో ఆమెకి తెలీదు. మూడోది చూస్తే నాకు గుండె ఆగింది. క్లోరిన్ బిళ్లలు, పౌడర్ రెండూ ఒకే డబ్బాలో సర్దింది, స్థలం కలిసొస్తుందని. అమ్మని ఏమంటాం, చెప్పనిది నేను. ఆ రెండూ కలిస్తే మంట లేస్తుంది, విషపు గాలి వస్తుంది. ఒకే చెంచా కూడా రెండిట్లో పెట్టకూడదు. పౌడర్ మొత్తం ఇంట్లోంచే తీసేశా, బిళ్లలు మాత్రమే ఉంచా.

ఇప్పుడు అమ్మ పని మూడే ముక్కలు. పొద్దున స్కిమ్మర్ బుట్టలో ఆకులు తీయాలి. తేలే డబ్బాలో బిళ్లలు చూడాలి, కరిగిపోవస్తే రెండు వేయాలి. టెస్ట్ కిట్‌లో రంగు నిమ్మకాయ పసుపులో ఉండాలి, తెల్లగా ఉంటే నాకు చెప్పాలి. ఈ బిళ్లలతో నీళ్లలో సయనూరిక్ యాసిడ్ పేరుకుంటుంది, ఏడాదంతా ఇదే వాడితే తర్వాత క్లోరిన్ మందగిస్తుంది. ఆరు వారాలకి పర్వాలేదు. వాల్వ్ పని వారానికోసారి తమ్ముడిది, మోటర్ ఆపాకే హ్యాండిల్ తిప్పాలని దాని మీదే స్కెచ్ పెన్‌తో రాశా. మోటర్‌కి టైమర్ పెట్టా, పొద్దున నాలుగు గంటలు. అదే ఇప్పుడు వినిపిస్తున్న సౌండ్. ట్రయల్‌లో ఉంది కాబట్టి ఆపట్లేదు.

ఇంకోటి, నీటి మట్టం. స్కేలు పెట్టి చూశా, రోజుకి ఒక సెంటీమీటర్ దాకా ఎండకే పోతుంది. అంటే 400 లీటర్లు. మట్టం స్కిమ్మర్ నోటి కిందికి దిగితే మోటర్ గాలి గుంజి కాలిపోతుంది. అందుకే నీలం టైల్ మీద ఎర్ర టేపు అంటించా. టేపు నీళ్ల పైకి కనిపిస్తే బోరు ఆన్ చేయాలి, అంతే.

టార్పాలిన్ కప్పమని చాలామంది చెప్పారు. కప్పలేదు. వదులుగా ఉన్న టార్పాలిన్ మీద పిల్లో, కుక్కో కాలు పెడితే దాంతో పాటే చుట్టుకుని మునుగుతుంది, పైనుంచి చూస్తే కనిపించదు కూడా. పైగా వాన నీళ్లు దాని మీద నిలిస్తే కింద క్లోరిన్ ఉన్నా పైన దోమలే. చుట్టూ అయిదడుగుల జాలీ ఉంది, గేటుకి తాళం వేశా. నిచ్చెన తీసేశా. బంతులు, ట్యూబులు అన్నీ స్టోర్ రూమ్‌లో. నీళ్లలో ఒక్క బొమ్మ తేలుతున్నా నాలుగేళ్ల పిల్ల దానికోసమే పోతుంది. నేను లేచి పరిగెత్తలేని ఆరు వారాలు ఇవి. అన్నిటికంటే నాకు భయం దీనికే.

చూసేవాళ్లు ఎవరూ లేని ఇల్లైతే? అప్పుడు క్లోరిన్ పూర్తిగా తగ్గనిచ్చి, గంబూసియా చేపలు వదలండి, దోమ లార్వాని తింటాయి. నీళ్లు పచ్చగా అవుతాయి, తర్వాత క్లీనింగ్‌కి ఖర్చవుతుంది. క్లోరిన్ ఉండగా వదిలితే మాత్రం చచ్చిపోతాయి.

నిన్న అక్క వాళ్ల పెద్దోడు తాళం చూసి, "మామా, నీకు కుట్లు వేస్తే మాకు ఈత ఎందుకు బంద్?" అని అడిగాడు. నువ్వు మునిగితే ఎత్తేది ఎవర్రా అన్నా. కాసేపు ఆలోచించి, "అమ్మమ్మ ఎత్తదా?" అన్నాడు. అమ్మకి ఈత రాదు. తాళంచెవి ఆమె కొంగుకే ఉంది.

నెక్స్ట్ ఎపిసోడ్ రెండు మూడు వారాలు లేటవుతుంది, పడుకునే తీయగలిగితే తీస్తా. ఉంటానండి మరి, మోటర్ ఆగే టైమైంది, టైమర్ పనిచేసిందో లేదో చూడాలి.